కార్వెట్ సీ5లో 160 డిగ్రీల థర్మోస్టాట్: కొన్ని టెక్సాస్ వేసవులు గడిచాక

ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని, దాన్ని చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) రేడియేటర్ గుండా పోనిచ్చే వాల్వే థర్మోస్టాట్. నా కారులో కంపెనీది తీసేసి, ఇంకా ముందే తెరుచుకునే 160 డిగ్రీలది వేశాను. ముందే చెప్పేస్తాను. థర్మోస్టాట్ ఒక్కటి మార్చి ఊరుకుంటే ఎండాకాలం ట్రాఫిక్‌లో మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఫ్యాన్ల సెట్టింగ్ కూడా మారిస్తేనే పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది. ఆ ఫలితం కూడా మీరు అనుకున్న చోట కనిపించకపోవచ్చు.

నాది 2002 మోడల్ షెవర్లే కార్వెట్, సీ5 అని పిలిచే ఐదో తరం కారు. 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 వీ8 ఇంజిన్, 350 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. ఉండేది డాలస్ దగ్గర. జులై, ఆగస్టుల్లో ఇక్కడ 100 ఫారెన్‌హీట్ దాటడం మామూలే. సెల్సియస్‌లో 38 అన్నమాట, రామగుండం, రెంటచింతల వాళ్లు వింటే నవ్వుతారు. అయినా ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, ఏసీ, నత్తనడక ట్రాఫిక్ మూడూ కలిస్తే ఆ 38 చాలు. ఇకపై డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెబుతాను. 160 అంటే 71 సెల్సియస్, 186 అంటే 86, 226 అంటే 108.

ఈ కారులో ఒక బటన్ నొక్కితే కూలెంట్ ఎంత వేడిగా ఉందో, ఆయిల్ ఎంత వేడిగా ఉందో అంకెల్లో చూపిస్తుంది. సగం మంది ఓనర్లకు టెన్షన్ పట్టుకునేది అక్కడే. సిగ్నల్ దగ్గర ఆగితే 210, 218, 224 అని ఎక్కుతూ పోతుంటే చూస్తూ కూర్చోలేం. నిజానికి కంపెనీ లెక్కే అది. ఒరిజినల్ థర్మోస్టాట్ 186 దగ్గర తెరుచుకుంటుంది. ఫ్యాన్లు తక్కువ స్పీడులో 226కి, ఎక్కువ స్పీడులో 235కి మొదలవుతాయి. నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపి 15 పీఎస్ఐ ఒత్తిడిని ఆపే మూత పెడితే దాదాపు 265 దాకా మరగదు కాబట్టి 225 కనిపించినంత మాత్రాన ఇంజిన్‌కు ఏమీ కాదు. వేడి ఇంజిన్‌లో పెట్రోలు బాగా ఆవిరై శుభ్రంగా మండుతుంది, ఆయిల్ పలచబడి రాపిడి తగ్గుతుంది, మైలేజీ కలిసొస్తుంది. ఊరికే పెట్టిన అంకెలు కావవి.

మరి నేనెందుకు మార్చానంటే, బాగా వేడెక్కాక ఈ కారు మందగిస్తుంది. కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి పెరిగే కొద్దీ కంప్యూటర్ స్పార్క్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా వేస్తుంది. నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా అది తీసుకునే జాగ్రత్త. ట్రాఫిక్‌లో అరగంట ఉడికి హైవే ఎక్కేటప్పుడు కాలు నొక్కితే, పొద్దున్నే ఉన్న పికప్ ఉండదు. నాకు ఆ తేడా తగ్గాలి.

థర్మోస్టాట్ 50 డాలర్లకు అటూ ఇటూ. బిగించడం కష్టమేమీ కాదు. ఎల్‌ఎస్1లో అది వాటర్ పంపు మీదే, రేడియేటర్ నుంచి చల్లటి నీళ్లు తిరిగొచ్చే వైపు ఉంటుంది. రెండు బోల్టులు విప్పితే చేతికొస్తుంది. కింద పెద్ద బేసిన్ పెట్టుకోండి. కూలెంట్ తీపి వాసనకి కుక్కలు, పిల్లులు వచ్చి నాకుతాయి, వాటికది విషం. ఒక్క చుక్క కూడా నేలమీద వదలకండి.

ఇక అసలు సంగతి. థర్మోస్టాట్ చెరువు తూము లాంటిది. ఎంత ముందుగా ఎత్తినా కాలువ వెడల్పు పెరగదు. ఇంజిన్ ఎంతకంటే చల్లగా ఉండకూడదో అది నిర్ణయిస్తుంది, ఎంతకంటే వేడెక్కకూడదో చెప్పలేదు. ఆ రెండో పని రేడియేటర్‌ది, ఫ్యాన్లది. ఫ్యాన్ల జోలికి పోకుండా కొన్నాళ్లు అలాగే నడిపి చూశాను. హైవే మీద 180ల్లో నిలబడింది, బాగుంది. ఊళ్లోకి వచ్చి ఏసీ ఆపి సిగ్నల్ దగ్గర నిలబడితే మళ్లీ 220లకే చేరింది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఫ్యాన్లు 226 దాకా నిద్ర లేవవు కదా మరి.

అందుకని ఇంజిన్ కంప్యూటర్ ట్యూనింగ్‌లో ఫ్యాన్ల అంకెలు మార్పించాను. తక్కువ స్పీడు 190ల మొదట్లో, ఎక్కువ స్పీడు 200 దాటాక. ఇక్కడ ఒక మెలిక ఉంది. థర్మోస్టాట్ 160కి తెరుచుకోవడం మొదలుపెట్టినా పూర్తిగా తెరుచుకునేది ఇంకో 15, 20 డిగ్రీలు ఎక్కాకే. ఫ్యాన్ ఆగే అంకెను అంతకంటే కిందికి దించితే ఎండాకాలంలో ఫ్యాన్ ఇక ఆగదు. మోటార్లు, రిలేలు ఊరికే అరిగిపోతాయి. తక్కువ అంకె చూసి మురిసిపోవడానికి ఫ్యాన్లను బలిపెట్టకండి.

ఆ తర్వాత మాత్రం మార్పు తెలిసింది. ఎండాకాలం ట్రాఫిక్‌లో 200 అటూ ఇటూ, హైవే మీద 185 దగ్గర. స్కానర్ పెట్టి చూస్తే టైమింగ్ వెనక్కి లాగడం బాగా తగ్గింది. పవర్ పెరిగిందా అంటే, చల్లటి పొద్దున్న నడిపితే ఏమీ తేడా లేదు. అట్టపెట్టె మీద రాసిన హార్స్‌పవర్ మాటలు నమ్మకండి. వేడిలో పోగొట్టుకునేదాన్ని కొంత నిలబెడుతుంది, అంతే. నాకు కావాల్సింది కూడా అదే కాబట్టి ఫిర్యాదు లేదు.

అయితే ఈ రెండూ చేయకముందే చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. సీ5 కారు గాలిని ముందు గ్రిల్ నుంచి పీల్చదు, బంపర్ కింద నుంచి లాగుతుంది. రోడ్డు మీద ఆకులు, ప్లాస్టిక్ కవర్లు, ఇసుక అన్నీ వెళ్లి ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కుంటాయి. నా కారులో విప్పి చూస్తే చిన్న పిచ్చుక గూటికి సరిపడా చెత్త వచ్చింది. కింద వేలాడే నల్ల రబ్బరు ఎయిర్ డ్యామ్‌ని కూడా చూసుకోండి. స్పీడ్ బ్రేకర్లకు తగిలి అది ఊడిపోతే హైవే వేగంలో గాలి రేడియేటర్ వైపు తిరగదు. ఊళ్లో చల్లగా ఉండి హైవే మీద వేడెక్కే సీ5 ఎదురైతే నేను మొదట చూసేది దాన్నే.

రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఈ థర్మోస్టాట్ మీద ఆశ పెట్టుకోవద్దు. టెక్సాస్‌లోనే ఉన్న క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్‌లో వరసగా ల్యాపులు వేస్తే అది మొదట్లోనే పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ పైన దానికి పని లేదు. అక్కడ పనికొచ్చేవి పెద్ద అల్యూమినియం రేడియేటర్, ఆయిల్ కూలర్.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. చలికాలం పొద్దున హీటర్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, వచ్చినా గోరువెచ్చని గాలే. మైలేజీ గ్యాలన్‌కు ఓ మైలు తగ్గినట్టుంది, అదే సమయంలో టైర్లు కూడా మార్చాను కాబట్టి తప్పంతా దీని మీద వేయలేను. నాకు నచ్చనిది ఆయిల్ సంగతి. ఆయిల్‌లో చేరే తేమ బాగా ఆవిరైపోవాలంటే అది 212 దాకా వేడెక్కాలి. జనవరిలో ఆఫీసుకూ ఇంటికీ తిరిగితే నా కారులో అంతదాకా పోవడం లేదు. అందుకే చలికాలంలో వారానికోసారైనా హైవే మీద దూరం తిప్పుకొస్తాను, ఆయిల్ గడువు కంటే ముందే మారుస్తాను.

మన ఊళ్లలో చాలామంది మెకానిక్‌లకు హీటెక్కే బండి కనిపిస్తే థర్మోస్టాట్‌ని పీకి పారేసే అలవాటు. ఈ ముచ్చట చెబితే హైదరాబాద్‌లో మా బావ కూడా అదే అన్నాడు: "కొత్తది కొనడమెందుకురా, తీసెయ్." తీసేస్తే ఇంజిన్ వేడెక్కడానికే తంటాలు పడుతుంది, చల్లటి ఇంజిన్‌లో సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. పైగా కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేది కూడా అదే. తీసేస్తే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరుగుతుంటుంది.

మంచు పడే ఊళ్లో ఉంటూ రోజూ ఈ కారే నడిపేవాళ్లు ఒరిజినల్ 186నే ఉంచుకుని ఫ్యాన్ల అంకెలు మాత్రం దించుకోండి, ముప్పావు వంతు లాభం దానితోనే వస్తుంది. కొత్త మోడల్ కార్లవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. కూలెంట్ అనుకున్నంత వేడెక్కలేదని కంప్యూటర్ పీ0128 కోడ్ పెట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగించవచ్చు, ఆ లైటుతో ఎమిషన్ పరీక్షకు వెళ్తే వెనక్కి పంపుతారు. సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) బిగించే ఉద్దేశం ఉంటే మాత్రం ఆలోచించకుండా 160 వేసుకోండి. నేనిప్పుడు ఆ సూపర్‌ఛార్జర్ ధరలే చూస్తున్నాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు.