తమ్ముడి రన్నింగ్ క్లబ్బు (మార్కులు ఐదుకి): ట్రాక్‌కి 4, ఆఫీసుకి నాలుగున్నర, మెస్సుకి 2

ముందే చెప్తున్నా, క్లబ్బు పేరు రాయను. హైదరాబాద్ శివార్లలో హాస్టల్‌తో ఉన్న ప్రైవేటు అథ్లెటిక్స్ క్లబ్బు. స్పాన్సర్లున్నారు, కాస్త పైకొచ్చిన రన్నర్లకి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అంతవరకు చాలు. పేరు రాస్తే మా తమ్ముడెవరో ఇట్టే తెలిసిపోతుంది. వాడికి ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ధ్యాస నిలవదు, కుదురుండదు. దానికి మందు వాడతాడు. "రాయక్కా, ఎవరికైనా పనికొస్తుంది, నన్ను మాత్రం ఇరికించకు" అన్నాడు. వాడు పరిగెత్తేది 200 మీటర్లు. నేను బీఫార్మసీ చదివి ఖమ్మం వైపు మెడికల్ షాపు నడుపుతున్నా. కాబట్టి ఈ రివ్యూలో ట్రాక్ కంటే మందుల చీటీల గోలే ఎక్కువుంటుంది, ఓపిక పట్టండి.

ట్రాక్ సంగతి రెండు ముక్కల్లో. సింథటిక్ ట్రాక్, లోపలి లేన్లు వంపు దగ్గర కాస్త అరిగాయి, మిగతాదంతా బాగుంది. స్టార్టింగ్ బ్లాకులు కొత్తవి. జిమ్ము ఇరుకు. ఇవన్నీ వాళ్ల ఫోటోల్లోనే కనిపిస్తాయి. పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉందని తెలిశాక క్లబ్బు ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అన్నది ఫోటోల్లో కనపడదు. నేను రాయాలనుకున్నది అదే.

ఇంతకుముందు వాడు వేరే చోట ఉండేవాడు. అక్కడి కోచ్ చెడ్డవారేం కాదు. కాకపోతే ఆయన లెక్కలో పిల్లలు రెండే రకాలు, మాట వినేవాళ్లు, పొగరుబోతులు. పొద్దున్నే అందర్నీ నిలబెట్టి ఆ రోజు చెయ్యాల్సిందంతా ఏకబిగిన చెప్పేవారు. నాలుగు 60లు, మధ్యలో ఇంత రెస్టు, తర్వాత రెండు 150లు, ఆపైన డ్రిల్స్, చివర్లో స్ట్రెచింగ్. మావాడి చెవికి మొదటిదీ చివరిదీ ఎక్కేవి, మధ్యది గాలికి పోయేది. తప్పు చేస్తే గ్రౌండు చుట్టూ రౌండ్లు. స్పైక్స్ మర్చిపోతే రౌండ్లు. స్ప్రింటర్‌తో శిక్ష కింద అన్నన్ని రౌండ్లు కొట్టిస్తే కాళ్లు ఏమవుతాయో ఆయనకే తెలియాలి.

అసలు దెబ్బ స్టార్ట్ దగ్గర తగిలింది. 2010 నుంచి పరుగుల్లో ఫాల్స్ స్టార్ట్‌కి రెండో అవకాశం లేదు, పది ఈవెంట్లు కలిపి ఆడే డెకాథ్లాన్ లాంటి వాటిలో తప్ప. గన్ కంటే ముందు కదిలితే బ్యాగు సర్దుకోవడమే. 'సెట్' అన్నాక కదలకుండా ఉండాల్సిన ఆ కాస్త సేపు మావాడికి మొత్తం 200 మీటర్ల కంటే కష్టం. ఒక మీట్‌లో అలాగే పోయి, 'ఒళ్లు కొవ్వెక్కింది' అనిపించుకుని ఇంటికొచ్చాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది ఆ తర్వాతే.

ఇక ఈ క్లబ్బు. చేరిన రోజు టైమింగ్ సర్టిఫికెట్లు ముందు అడుగుతారనుకున్నా. ఆఫీసులో ఉండే మేనేజర్ మేడం ముందు అడిగింది "ఏం మందులు వాడతాడమ్మా? చీటీ ఉందా?" అని. జలుబు మాత్రలు, ఆయుర్వేదం పొడులు, ప్రోటీన్ డబ్బాతో సహా అన్నీ రాసుకున్నారు. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్ర కూడా పోటీ రోజు మోతాదు దాటితే డోపింగ్ పరీక్షలో చిక్కే అని ఆవిడకి తెలుసు. మందుల షాపు నడిపేదాన్ని, నాకే ముచ్చటేసింది.

మావాడు వాడేది మిథైల్‌ఫెనిడేట్. ఇది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' నిషేధిత జాబితాలో ఉత్ప్రేరకాల కింద ఉంది. ప్రాక్టీసు రోజుల్లో వాడుకోవచ్చు, పోటీ సమయంలో ఒంట్లో ఉండకూడదు. పోటీ సమయం అంటే గన్ పేలిన దగ్గర్నుంచి అనుకునేరు. ముందు రోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల నుంచే మొదలవుతుంది. రోజూ పొద్దున మాత్ర వేసుకునేవాడు పోటీ రోజు కూడా అలవాటుగా వేసుకున్నాడంటే డోపింగ్ కేసే. మందు నిజంగా అవసరమైనవాళ్లకి టీయూఈ అని ఒక మినహాయింపు ఉంది, వైద్య కారణంతో ఇచ్చే ముందస్తు అనుమతి. జాతీయ స్థాయి వాళ్లు మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ 'నాడా'కి, అంతర్జాతీయ స్థాయి వాళ్లు ప్రపంచ అథ్లెటిక్స్ సంఘానికి పెట్టుకోవాలి, అదీ పోటీకి కనీసం 30 రోజుల ముందు. మందుల చీటీ ఒక్కటే చాలదు. స్పెషలిస్టు రిపోర్టు, లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయనడానికి ఆధారాలు, డోసు వివరాలు అన్నీ జతచెయ్యాలి. మా అమ్మ అటక మీంచి వాడి మూడో తరగతి ప్రోగ్రెస్ కార్డు తీసింది. 'కుదురుగా కూర్చోడు' అని టీచర్ రాసిన కామెంటు ఇన్నాళ్లకి పనికొచ్చింది. అనుమతి వచ్చాక కూడా దానికి గడువుంటుంది, అయిపోయేలోగా మళ్లీ పెట్టుకోవాలి.

ఇప్పుడు చూడండి. తేదీలు మర్చిపోవడం, కాగితాలు పారేసుకోవడం, పనిని చివరి నిమిషం దాకా నెట్టడం, ఇవన్నీ ఈ జబ్బు లక్షణాలే. ఆ జబ్బున్న కుర్రాణ్ణే పట్టుకుని తేదీ గుర్తుంచుకో, కాగితం దాచుకో, నెల ముందే పంపు అంటోంది రూలు. రూలు తప్పని నేననను. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే అన్నది అందరికీ ఒకటే. కానీ గుర్తుపెట్టుకునే పని క్లబ్బు తన నెత్తినేసుకోవాలి. ఏ క్లబ్బునైనా నేను ముందు కొలిచేది దీంతోనే. ఓదార్పు మాటలు, అవగాహన సదస్సులు ఆ తర్వాత.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికా స్ప్రింటర్ జస్టిన్ గాట్లిన్ తొమ్మిదేళ్ల వయసు నుంచి ఈ సమస్యకి మందు వాడేవాడు. 2001లో అమెరికా జూనియర్ పోటీల్లో ఆ మందులోని యాంఫెటమైన్ అనే ఉత్ప్రేరకం బయటపడింది. పోటీకి కొద్ది రోజుల ముందు మాత్ర ఆపాడు, కానీ ఒంట్లోంచి పూర్తిగా పోలేదు. రెండేళ్ల నిషేధం పడి, వైద్య కారణం చూశాక ఏడాదికి తగ్గింది. ఆ కుర్రాడే 2004 ఏథెన్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచాడు. (2006లో టెస్టోస్టిరాన్‌తో దొరకడం వేరే బాగోతం, దీంతో కలపకండి.) బేస్‌బాల్‌లో క్రిస్ డేవిస్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 2013లో 53 హోమ్ రన్లు కొట్టి లీగ్ మొత్తానికీ ముందున్నవాడు. యాడరాల్ అనే యాంఫెటమైన్ మందు వాడటానికి అంతకుముందు అనుమతి ఉండేది, 2014లో లేదు. 25 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, తన జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ ప్లేఆఫ్స్ ఆడుతుంటే ఆయన బయట కూర్చున్నాడు. మరుసటి ఏడాది మందు మార్చి మళ్లీ అనుమతి తెచ్చుకున్నాడు. కోట్ల డాలర్ల లీగుల్లోనే ఇలా జరుగుతుంటే మన హాస్టల్ పిల్లాడెంత?

మేడం దగ్గర ఒక రిజిస్టరుంది. ఎవరి అనుమతి ఎప్పుడు ముగుస్తుంది, దరఖాస్తు ఎప్పుడు పోవాలి, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. గడువు దగ్గరపడుతుంటే వాడికీ, కోచ్‌కీ, నాకూ ఫోనొస్తుంది. మీట్‌కి వెళ్లేటప్పుడు అనుమతి పత్రం కాపీ మేనేజర్ ఫైల్లోనే వెళ్తుంది, వాడి బ్యాగులో కాదు. ఇంకో సంగతి మెచ్చుకోవాలి. అటోమాక్సిటిన్ అనే ఇంకో మందు నిషేధిత జాబితాలో లేదు, దానికి ఈ తతంగం అక్కర్లేదు. 'అయితే అదే వాడుకో, గొడవ వదిలిపోతుంది' అని కోచ్‌లు అనడం నేను విన్నా. ఇక్కడి సార్ ఆ మాట అనలేదు. ఒకరికి పడ్డ మందు ఇంకొకరికి పడదు, దాని ప్రభావం తెలియడానికే వారాలు పడుతుంది. అది డాక్టర్ తేల్చాల్సిన విషయం, ఆయన డాక్టర్‌కే వదిలేశారు.

మందు దొరకడం కూడా చిన్న పని కాదు లెండి. మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల్ని అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికొస్తుంది, మా వైపు షాపుల్లో పెట్టరు, నా షాపులోనూ లేదు. స్టాకు అయ్యే లోపు హైదరాబాద్‌లో తెప్పించే బాధ్యత కూడా ఆఫీసే తీసుకుంది. విదేశీ పోటీలకి వెళ్లేవాళ్లయితే ఆ దేశం రూలు కూడా చూసుకోవాలి. యాడరాల్‌ని జపాన్లోకి డాక్టర్ చీటీ ఉన్నా తీసుకెళ్లనివ్వరు.

కోచింగ్ విషయానికొస్తే, సార్ పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. ట్రాక్ పక్కన ఒక వైట్‌బోర్డు, ఆ రోజు వర్కవుట్ అంతా దాని మీద. నోటితో చెప్పేది ఒకసారికి ఒక్కటే. అది అయ్యాక తర్వాతది. స్పైక్స్ మర్చిపోయేవాళ్ల కోసం షెడ్డులో ఒక అర ఉంది, రెండో జత అక్కడే ఉంచాలి. ఇవి ఏడీహెచ్‌డీ కోసమని ప్రత్యేకం చేసినవి కావు, అందరికీ అదే పద్ధతి. అందుకే మావాడికి వేరుగా చూస్తున్నారన్న బాధ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కాల్ రూమ్ ప్రాక్టీసు. పెద్ద పోటీల్లో రేసుకి ముందు రన్నర్లని ఒక గదిలో కూర్చోబెడతారు. ఫోన్లుండవు, పాటలుండవు, పక్కన పోటీదారులు. వార్మప్ అంతా చల్లారిపోతుంటుంది. మావాడికి అది నరకం. నెంబర్ పీకి మళ్లీ పెట్టుకోవడం, లేస్ విప్పి కట్టుకోవడం, ట్రాక్ మీదికొచ్చేసరికే సగం అలిసిపోయేవాడు. ఇక్కడ వారంలో ఒక రోజు అదే ప్రాక్టీసు. నెంబర్లు పెట్టించి బెంచీ మీద ఊరికే కూర్చోబెట్టి, అప్పుడు పరిగెత్తిస్తారు. స్టార్టులు కూడా అంతే, 'సెట్' తర్వాత ఆగే సమయం ప్రతిసారీ మారుస్తారు. ముందే ఊహించి కదిలేవాడు దొరికిపోతాడు. రౌండ్లు మాత్రం ఉండవు, మళ్లీ చేయిస్తారు. మావాడింకా రాయిలా ఉండట్లేదు గానీ ఈ సీజన్లో ఫాల్స్ స్టార్ట్‌తో బయటికి రాలేదు.

హాస్టల్ కారిడార్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ పోస్టరొకటి ఉంది, కింద 'ఏడీహెచ్‌డీ ఒక సూపర్‌పవర్' అని. నాకది నచ్చదు. ఫెల్ప్స్‌కి తొమ్మిదేళ్లకే తేలింది, 28 ఒలింపిక్ పతకాలొచ్చాయి, ఒప్పుకుంటా. అమెరికా స్ప్రింటర్ నోవా లైల్స్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు సెకనులో వెయ్యో వంతుల తేడాతో గెలిచాడు. ఆ తర్వాత తనకి ఆస్తమా, అలర్జీలు, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఏడీడీ (ఏడీహెచ్‌డీకి పాత పేరు), ఆందోళన, డిప్రెషన్ ఉన్నాయని తనే రాసుకున్నాడు. ఆ చిట్టాలో నాకు వరాలేం కనపడలేదు. హీట్స్‌లోనే, అంటే తొలి రౌండులోనే, పోయి వచ్చిన రోజు రాత్రి ఆ పోస్టరు చూస్తే పిల్లాడికేమనిపించాలి? తీసెయ్యమని చెప్పా. ఇంకా ఉంది.

ఇక మెస్సు. రెండు మార్కులు కూడా పెరుగు బాగుంటుందని వేశా. మిథైల్‌ఫెనిడేట్ వాడితే పగలు ఆకలి చచ్చిపోవడం మామూలే. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని కెలికి లేస్తాడు. మందు దిగే వేళకి, అంటే రాత్రి తొమ్మిదింటికి, ఆకలి విరుచుకుపడుతుంది. మెస్సు ఎనిమిదిన్నరకే తాళం. కొన్నాళ్లు బిస్కెట్లతో గడిపాడు, ప్యాంట్లు వదులయ్యాయి. మాత్రకి ముందే కడుపు నిండా టిఫిను, రాత్రికి ఒక డబ్బాలో ఏదైనా ఉంచమని నేను అడిగితే, ఒక్కడి కోసం కుదరదన్నారు. ఫిజియో మాట్లాడాక ఇప్పుడు రెండు ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండ్లు, పెరుగన్నం పెట్టి ఉంచుతున్నారు. ఆదివారం మళ్లీ మర్చిపోతారు. క్లబ్బు వాళ్ల మర్చిపోవడానికి మాత్రం పేరూ లేదు, మందూ లేదు.

ఎండల సంగతి కూడా రాయాలి. ఉత్ప్రేరకాలు ఒంటి వేడి పెంచుతాయి, అలుపు తెలియనివ్వవు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రం నాలుగింటికి ట్రాక్ మీద కాలు పెట్టలేం. ఆ టైములో ఈ మందు మీదున్నవాడు 'బాగానే ఉన్నా సార్' అంటే నమ్మకూడదు. పోయిన వేసవిలో నాలుగింటికే పరిగెత్తించారు. ఫిజియో తూకం, నీళ్లు చూసుకున్నారు, నిజమే, అయినా టైము మార్చాల్సింది.

ఆఫీసుకి కోసిన అర మార్కు సంగతి. ఒక మీట్ ప్రయాణానికి రూముల లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పక్క గడిలో 'మెడికల్' అని, వాడి పేరెదురుగా మందు పేరు. పదినిమిషాల్లో తీసేశారు, ఆ పదినిమిషాలు చాలు. "ఏంట్రా, బుర్రకి మందా?" అని ఒకడు. 2016లో హ్యాకర్లు 'వాడా' రికార్డులు దొంగిలించి అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మినహాయింపు కాగితాలు బయటపెట్టారు. తనకి ఏడీహెచ్‌డీ ఉందని, చిన్నప్పటి నుంచి మందు వాడుతున్నానని, అందులో సిగ్గుపడాల్సిందేం లేదని ఆవిడ నిలబడి చెప్పింది. అప్పటికే రియోలో నాలుగు స్వర్ణాలు మెడలో ఉన్నాయి. హాస్టల్లో ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఆ దన్ను ఎక్కడిది? ఇప్పుడు మందుల వివరాలు మేడం, ఫిజియో, కోచ్ ముగ్గురికే. ముందే అలా ఉండాల్సింది.

ఆడపిల్లల హాస్టల్ గురించి ఒక మాట. క్లబ్బులో డాక్టర్ దగ్గరికి పంపినవాళ్లంతా అల్లరి చేసే మగపిల్లలే. పరధ్యానంగా ఓ మూల కూర్చునే అమ్మాయిని ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్లేయర్ లూసీ బ్రాంజ్‌కి ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నాయని తేలింది 2021లో, అప్పటికి ఆవిడకి ముప్పై దగ్గరపడింది. లోకానికి చెప్పింది 2025లో. సైకాలజిస్టు నెలకి రెండుసార్లు వస్తారు, వచ్చినప్పుడు అందరితో ఒకసారి కూర్చుంటే బాగుంటుందని మేడంతో అన్నా. చూద్దామన్నారు.

ఫీజు హాస్టల్‌తో కలిపి కాస్త ఎక్కువే, స్టైపెండ్ మొదలయ్యాక భారం తగ్గింది. ఏడీహెచ్‌డీ ఉన్న రన్నర్‌ని చేర్చాలనుకునేవాళ్లు, ఈ క్లబ్బయినా ఇంకోటైనా, ట్రాక్ చూసే ముందు ఆఫీసులోకి వెళ్లి టీయూఈ గడువులు ఎవరు చూస్తారో పేరు అడగండి. 'అదంతా పిల్లలే చూసుకుంటారు' అంటే టీ తాగి వచ్చెయ్యండి. వేసవి టైమింగులు మార్చిలో చెప్తామన్నారు. సాయంత్రం ఆరుకి మారిస్తే ట్రాక్‌కి ఇంకో అర మార్కు కలుపుతా. మెస్సు మార్కులు మాత్రం ఆదివారం డబ్బా వచ్చేదాకా అంతే.