ఎర్ర డిస్క్ టైమర్: ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది

"ఐదు నిమిషాల్లో వస్తున్నా" అని ముప్పావుగంటకి వచ్చే మనిషిది నిర్లక్ష్యమని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరడం కష్టమయ్యే మెదడు తీరు) ఉన్న మనిషికి ఆ మాట అన్న క్షణంలో అది నిజంగానే ఐదు నిమిషాలు. నచ్చిన పనిలో గంట ఇట్టే కరిగిపోతుంది. నచ్చని పనైతే పది నిమిషాలే కొండలా కనిపించి దాని దగ్గరకే వెళ్ళబుద్ధి కాదు. దీన్నే టైమ్ బ్లైండ్‌నెస్ అంటున్నారు. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాల పాటు పనిచేసిన సైకాలజిస్ట్ రసెల్ బార్క్‌లీ ఇందుకు చెప్పే దారి సూటిగా ఉంటుంది: లోపల సరిగా నడవని గడియారాన్ని బయట, కంటి ముందు పెట్టుకోవాలి. అదీ పని జరిగే చోటే, జరిగే వేళకే. ఎర్ర డిస్క్ టైమర్ కొనుక్కునేది ఇందుకోసమే. కాలాన్ని చూపించడం వరకు ఇది చాలా మంచి వస్తువు. పని కూడా అదే చేయిస్తుందన్న ఆశతో కొంటే మాత్రం కొద్ది వారాల్లోనే సొరుగులోకి వెళ్ళిపోతుంది.

ఈ రకానికి పేరు తెచ్చింది టైమ్ టైమర్. "ఇంకా ఎంతసేపు?" అని పదే పదే అడిగే చిన్న కూతురి కోసం అమెరికాలో జ్యాన్ రోజర్స్ అనే తల్లి 1994లో తయారుచేశారు. చూడ్డానికి మామూలు బల్ల గడియారంలాగే ఉంటుంది గానీ ముళ్ళుండవు. తెల్లటి ముఖం మీద ఎర్రటి డిస్క్ ఉంటుంది. 60 నిమిషాల మోడల్లో డిస్క్‌ని 20 దాకా తిప్పితే ముఖంలో మూడో వంతు ఎర్రగా మారుతుంది. నిమిషాలు గడిచేకొద్దీ ఆ ముక్క సన్నబడుతుంది, చివరికి మాయమవుతుంది, బీప్ వస్తుంది. ఇంతే దీని పని.

ఇంత సాదా వస్తువుకి ఇంత ప్రయోజనం ఎందుకంటే, ఇది లెక్క చేయించదు. మామూలు గడియారం చూసి "ఇప్పుడు తొమ్మిదీ పాతిక, పదింటికి ఐదు నిమిషాల ముందు బయల్దేరాలి, అంటే ఇంకా అరగంట" అనుకోవాలంటే మూడు సంగతులు ఒకేసారి మనసులో పట్టుకోవాలి. ఏడీహెచ్‌డీలో వర్కింగ్ మెమరీ, అంటే సంగతుల్ని కాసేపు మనసులో పట్టి ఉంచే శక్తి, జారిపోయేది సరిగ్గా అక్కడే. డిజిటల్ కౌంట్‌డౌన్‌లో 17:42 అని కనిపిస్తే అది ఒక సంఖ్య, అంతే. అది ఎక్కువో తక్కువో ఒంటికి తెలియదు. ఎర్ర ముక్క అయితే ఓరకంట చూసినా చాలు, ఎంత మిగిలిందో పరిమాణంగా తెలుస్తుంది.

ఒక చిక్కుంది. ముఖం మీద అంకెలు మామూలు గడియారానికి ఎదురు దిశలో పెరుగుతాయి. పైన 0 ఉంటే 15 ఎడమ పక్కన, 30 కింద, 45 కుడి పక్కన. మామూలు గడియారంలో 9 ఉండే చోట ఇక్కడ 15 ఉంటుందన్నమాట. మొదటి రెండు రోజులు 15 పెట్టబోయి 45 పెట్టేవాళ్ళు చాలామంది. డిస్క్‌ని ఎప్పుడూ ఎడమకే తిప్పడం, ఎర్రటి భాగం ఎంతుందో చూసి సరిపోల్చుకోవడం అలవాటు చేసుకుంటే ఈ పొరపాటు పోతుంది. అప్పుడే గడియారం చదవడం నేర్చుకుంటున్న పిల్లలకి ముందే ఈ తేడా చూపించకపోతే రెండూ కలిసిపోతాయి.

అచ్చం ఇలాగే కనిపించే నకళ్ళు ఎన్నో దొరుకుతాయి. వాటిలో బ్యాటరీతో నడిచేవి, స్ప్రింగ్‌తో నడిచేవి వేరు చేసి చూడాలి. స్ప్రింగ్ రకం టిక్ టిక్ అంటూనే ఉంటుంది. కొందరికి ఆ చప్పుడు తోడుగా అనిపిస్తుంది, కానీ శబ్దానికి చటుక్కున చెదిరే మనసుకి అది పక్కనే ఎవరో గోరుతో బల్ల గీకుతున్నట్టు ఉంటుంది. పైగా స్ప్రింగ్ టైమర్లు చిన్న సమయాలు సరిగ్గా కొలవవు. 5 నిమిషాలు కావాలన్నా ముందు దూరం తిప్పి వెనక్కి తెచ్చుకోవాలి, లేకపోతే స్ప్రింగ్‌కి బిగువు చాలక గంట మోగకపోవచ్చు. ఏది కొన్నా మొదటి రోజే 30 నిమిషాలు పెట్టి, పక్కన ఫోన్ స్టాప్‌వాచ్ నడిపి చూడండి. బీప్ ఆపుకునే స్విచ్ ఉందో లేదో కూడా చూసుకోండి. కొందరికి బీప్ లేకుండా ఎర్ర ముక్క ఒక్కటే చాలు. ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో ఆ బీపే ఏడుపుకి కారణం కావచ్చు.

ఇక వాడకం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

టైమర్ ఎంతకి పెట్టాలన్నది మొదటి ప్రశ్న. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అన్న పొమొడోరో లెక్క అందరికీ తెలిసిందే. దాన్ని వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు. పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీకి ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స) ఒక మంచి పద్ధతి ఉంది. విసుగు పుట్టించే పని ఒకటి ఎంచుకుని స్టాప్‌వాచ్ నొక్కి మొదలుపెట్టాలి. లేచిపోవాలని, ఫోన్ తీయాలని మొదటిసారి అనిపించిన క్షణంలో ఆపి, ఎన్ని నిమిషాలైందో రాసుకోవాలి. ఇలా వేర్వేరు రోజుల్లో నాలుగుసార్లు. 11, 8, 13, 9 వచ్చాయనుకుందాం, మీ నిడివి సుమారు 10 నిమిషాలు. ఎర్ర ముక్క అంతే ఉండాలి. పనిని కూడా ఆ 10 నిమిషాల్లో పట్టేంత ముక్కలు చేసుకోవాలి. 10 అంటే తక్కువేమో అని సిగ్గుపడి 40 పెట్టుకునేవాళ్ళు మొదటి పావుగంటకే లేచిపోతారు. అలా రెండు రోజులు జరిగితే టైమర్‌ని చూస్తేనే ఓడిపోయిన భావన వస్తుంది.

రెండోది, టైమర్ కింద పెట్టే చీటీ. టైమర్ ఎంతసేపో చెబుతుంది, ఏం చెయ్యాలో చెప్పదు. "రిపోర్ట్ రాయాలి" అని రాస్తే అది పని పేరు. "ఫైలు తెరిచి రెండో పేరాలో మొదటి వాక్యం సరిచెయ్యాలి" అని రాస్తే అది చేతికి అందే పని. "గది సర్దాలి" బదులు "మంచం మీది బట్టలు బుట్టలో వెయ్యాలి". డిస్క్ తిప్పకముందే చీటీ రాయండి. తిప్పాక రాయడం మొదలుపెడితే ఎరుపు కరుగుతుండగా ఆలోచన సాగుతూనే ఉంటుంది, పది నిమిషాలూ దానికే సరి.

చీటీ పక్కన ఇంకో ఖాళీ కాగితం ఉంచాలి. మధ్యలో "కరెంటు బిల్లు కట్టాలి", "ఫలానా మాటకి అర్థం వెతకాలి" అని తోచినవన్నీ ఆ కాగితం మీద ఒక్క ముక్కలో రాసేసి పనిలోకి తిరిగి రావాలి. బీప్ వచ్చాక అందులో ఇప్పుడే చెయ్యాల్సింది ఏమైనా ఉందా చూసుకోవాలి. చాలాసార్లు ఉండదు. థెరపీలో దీన్ని పరధ్యానాన్ని వాయిదా వెయ్యడం అంటారు. మరిచిపోతానేమో అన్న భయమే ఎక్కువగా మనిషిని లేపేది, కాగితం ఆ భయాన్ని తీస్తుంది. ఈ కాగితం లేకుండా టైమర్ ఒక్కదాన్నే వాడేవాళ్ళకి సగం ఫలితం కూడా రాదని మా అభిప్రాయం.

బీప్ వచ్చాక ఏం చెయ్యాలో బీప్ రాకముందే తేల్చుకోవాలి. ఆపడమా, ఇంకో విడత తిప్పడమా, వేరే పనికి వెళ్ళడమా, ఈ మూడింట్లో ఒకటి. ఆ క్షణంలో నిర్ణయించుకుందాంలే అనుకుంటే చెయ్యి దానంతటదే బీప్ ఆపేస్తుంది, మనసుకి తెలియను కూడా తెలియదు. పనిలో పూర్తిగా మునిగిపోయే హైపర్‌ఫోకస్ ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. వాళ్ళు టైమర్ బల్ల మీద పెట్టుకుని లాభం లేదు. కంటికి కనిపించేలా, చేతికి అందకుండా, లేచి నాలుగడుగులు వేస్తే తప్ప ఆగని చోట పెట్టాలి. ఒళ్ళు కదిలితేనే మనసు పట్టు వదులుతుంది.

బయల్దేరే వేళకి ఈ టైమర్ చేసే మేలు అన్నిటికంటే ఎక్కువ. 9 గంటలకి గడప దాటాలంటే 8:40కి 20 నిమిషాలు పెట్టి, తలుపు దగ్గర ఉంచండి. ఎరుపు చివరి 5 నిమిషాల ముక్కకి వచ్చిందంటే కొత్త పని ఏదీ ముట్టుకోకూడదన్నది ఒకే ఒక్క నియమం. ఆలస్యాలకి పెద్ద కారణం "ఇదొక్కటి చేసేసి వెళ్దాం" అన్న ఆ చివరి చిన్న పనే. ఆ ఐదు నిమిషాలూ చెప్పులు, తాళాలు, బ్యాగు కోసమే.

ఒక నోట్‌బుక్ కూడా తోడైతే ఇంకో లాభం ఉంది. పని మొదలుపెట్టే ముందు ఎంత పడుతుందో అంచనా రాయండి, అయ్యాక నిజంగా ఎంత పట్టిందో రాయండి. పది పనులయ్యాక పట్టిన నిమిషాల మొత్తాన్ని అంచనాల మొత్తంతో భాగించండి. అంచనాలన్నీ కలిపి 200, పట్టింది 340 అయితే 1.7 వస్తుంది. ఇక మీదట 30 నిమిషాలు అనుకున్న ఏ పనికైనా 50 నిమిషాలు కేటాయించుకోవాలన్నమాట. "నేనెప్పుడూ ఆలస్యమే" అన్న నింద కంటే ఈ 1.7 ఎంతో మేలు, దీంతో ఏం చెయ్యాలో తెలుస్తుంది.

పిల్లల విషయంలో పెద్దవాళ్ళు ఒక తప్పు చేస్తుంటారు. హోంవర్క్‌కి, స్నానానికి, ఆట ఆపడానికి మాత్రమే టైమర్ తీస్తారు. అలా అయితే ఎర్ర డిస్క్ కనిపిస్తేనే పిల్లకి గొంతులో వెలక్కాయ పడ్డట్టు అవుతుంది. ఆటకీ పెట్టండి, విశ్రాంతికీ పెట్టండి. డిస్క్‌ని పిల్ల చేతే తిప్పించండి. ఎరుపు అయిపోయాక ఏం వస్తుందో ముందే చెప్పండి: "ఇది అయ్యాక బొమ్మలు పెట్టెలో, ఆ తర్వాత కథ". టైమర్ అయిపోయినా పని పూర్తి కాకపోతే శిక్ష ఉండకూడదు, పని ముక్క పెద్దదైందని అర్థం చేసుకుని తర్వాతి సారి చిన్నది చెయ్యాలి. ఎర్ర ముక్క కరగడమే పరుగులా అనిపించి కంగారు పడే పిల్లలూ, పెద్దలూ ఉంటారు. వాళ్ళకి ముఖం అటు తిప్పి బీప్ ఒక్కటే వాడటం, లేదా చేతికి వైబ్రేషన్ ఇచ్చే వాచీ నయం.

లోపాలు చెప్పాలంటే, 60 నిమిషాల మోడల్లో గంట దాటిన పని పట్టదు. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆపి మళ్ళీ అక్కడినుంచే నడిపే సౌకర్యం డిస్క్ టైమర్లలో మామూలుగా ఉండదు. లేచి వెళ్ళేముందు మిగిలిన నిమిషాలు చీటీ మీద రాసుకోవాలి. బ్యాటరీ నీరసిస్తే డిస్క్ సరిగ్గా నడవకపోవచ్చు, అదీ ఎవరికీ తెలియకుండానే. అసలు ఇబ్బంది మాత్రం అలవాటు పడిపోవడం. కొత్తలో ఉన్న ఆకర్షణ తగ్గాక అది బల్ల మీది మిగతా వస్తువుల్లో కలిసిపోతుంది. రోజంతా నడుపుతూ ఉంటే ఇంకా త్వరగా కలిసిపోతుంది. రోజుకి రెండే పనులకి, అదీ కష్టమైన వాటికి వాడి, మిగతా వేళ కంటికి కనబడకుండా పెట్టేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. వారం వారం చోటు మార్చినా మంచిదే.

ఫోన్‌లో ఇలాంటి ఎర్ర డిస్క్ యాప్‌లు ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. కానీ టైమర్ పెట్టడానికి ఫోన్ తీసిన చెయ్యి దాంతోనే ఆగదు. పాత ఫోన్ ఒకటి సిమ్ తీసేసి, నోటిఫికేషన్లు ఆపేసి టైమర్‌గా మాత్రమే వాడితే సరే. 5, 15, 30, 60 అని పక్కల మీద రాసి ఉండే క్యూబ్ టైమర్లు ఇంకో రకం. కావలసిన పక్క పైకి తిప్పి పెడితే వెంటనే మొదలవుతాయి. మొదలుపెట్టడమే కష్టమైన వాళ్ళకి అవి సులువు, కాకపోతే మిగిలిన సమయం ఆకారంగా కనిపించదు.

టైమర్ అస్సలు పనిచెయ్యని చోటు ఒకటుంది. పని తెలుసు, సమయం ఉంది, చీటీ రాసి ఉంది, అయినా డిస్క్ తిప్పడానికే చెయ్యి లేవదు. అది కాలానికి సంబంధించిన ఇబ్బంది కాదు. తప్పు చేస్తానేమో అన్న భయమో, ఇదివరకు పడ్డ మాటలో, అలసటో దాని వెనక ఉంటాయి. అలాంటప్పుడు పక్కన కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకునే తోడు, అంటే బాడీ డబ్లింగ్, ఎక్కువ సాయం చేస్తుంది. అదీ చాలకపోతే ఏడీహెచ్‌డీ తెలిసిన థెరపిస్ట్ దగ్గరకి వెళ్ళాలి. మందులు వాడుతున్నా ఇబ్బందులు మిగిలిన 86 మంది పెద్దవాళ్ళ మీద స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో ప్రచురించిన పరీక్షలో 12 సెషన్ల కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, రిలాక్సేషన్ శిక్షణ కంటే మెరుగైన ఫలితం ఇచ్చింది. పైన చెప్పిన నిడివి కొలత, పరధ్యానం కాగితం ఆ తరహా థెరపీ నుంచి వచ్చినవే. డాక్టర్ రాసిన మందు ఆపి దాని బదులు టైమర్ వాడదామనుకోవడం మాత్రం పొరపాటు.

కొనాలా వద్దా అని ఊగిసలాటలో ఉంటే, ముందు ఇంట్లో ఉన్న గోడ గడియారాన్ని దించండి. అద్దం ఉన్నదై ఉండాలి. వైట్‌బోర్డ్ మార్కర్‌తో నిమిషాల ముల్లు ఇప్పుడున్న చోటునుంచి పని ముగియాల్సిన చోటుదాకా అద్దం మీద రంగు నింపండి. ముల్లు ఆ రంగులోంచి నడుస్తుంది, ముల్లు ముందు మిగిలిన రంగే మీకు మిగిలిన సమయం. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచేయండి. రెండు వారాల తర్వాత కూడా రోజూ మార్కర్ చేతిలోకి తీసుకుంటున్నారంటే టైమర్ కొనండి.