బెరియా కాలేజీ, కెంటకీ: ఫీజు లేదు, చీపురు తప్పదు

అమెరికాలో డిగ్రీ చదవాలని ఉంది కానీ చేతిలో డబ్బు లేదంటే ఎవరో ఒకరు బెరియా పేరు చెప్తారు. చెప్పేది మాత్రం సగమే, ట్యూషన్ ఫీజు ఉండదని. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు కాలేజీలో పని చెయ్యాలన్న మిగతా సగం చాలామందికి అక్కడికి చేరాకే బుర్రకెక్కుతుంది. ఈ కాలేజీ నప్పేదీ నప్పనిదీ ఆ 10 గంటల దగ్గరే తేలిపోతుంది కాబట్టి ముందు దాని సంగతి.

మొదటి ఏడాది ఏ పనో కాలేజీయే వేస్తుంది. భోజనశాల, గదులు తుడవడం, లైబ్రరీ, పొలం, కంప్యూటర్ల మరమ్మతు, 1909 నాటి బూన్ టావెర్న్ హోటల్, ఏదైనా రావచ్చు. చేతిపనుల విభాగం పడితే అదృష్టమే. అక్కడ మగ్గం మీద నేస్తారు, కుర్చీలు చేస్తారు, చీపుళ్లు కడతారు. ఆ చీపుళ్లు అమ్ముడుపోయే సరుకు, ప్రదర్శన కోసం కట్టేవి కావు. పనికి సూపర్‌వైజరు, హాజరు, మదింపు అన్నీ ఉంటాయి. తరగతిలో మంచి గ్రేడ్లు తెచ్చుకుని పని ఎగ్గొట్టినా ఇబ్బందిలో పడతారు. వచ్చే డబ్బు చేతిఖర్చుకి సరిపోతుంది. ఇంటికి పంపే ఆశ పెట్టుకోవద్దు.

తేడా కొట్టేది ఎక్కువగా టైంటేబుల్ దగ్గరే. కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబులు ఒక మధ్యాహ్నాన్ని మింగేస్తాయి. పని గంటలు ముందు ఒప్పేసుకుని ల్యాబు తర్వాత చూసుకుందామంటే రెండూ ఒకే పూట మీద పడతాయి. ముందు ల్యాబు, దాని చుట్టూ మిగతా కోర్సులు, ఆ తర్వాతే సూపర్‌వైజరుకి ఖాళీ గంటల చిట్టా. రోజుకి 2 గంటల చొప్పున 5 రోజులు పెట్టుకుంటే మోయగలరు. శనివారం ఒక్కరోజే లాగించేద్దామనే లెక్క పరీక్షల వారంలో తిరగబడుతుంది. పని మార్చుకోవాలంటే వేసవి సెలవుల దాకా ఆగకుండా, వసంతంలోనే నచ్చిన విభాగం వాళ్లని వెళ్లి అడగాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. రెండో పని ఒప్పుకునే ముందు కూడిక వేసుకోండి.

క్రిస్టియన్ కాలేజీ అనగానే మనకి విజయవాడ లయోలాయో గుంటూరు ఏసీ కాలేజీయో గుర్తొస్తుంది. బెరియా ఏ ఒక్క చర్చి శాఖకీ చెందదు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన పాస్టరు జాన్ ఫీ 1855లో మొదలుపెట్టాడు. తర్వాత నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి చదివించిన కాలేజీ అది. 1904లో కెంటకీ శాసనసభ దాన్ని చట్టం చేసి ఆపింది. 1908లో సుప్రీంకోర్టు కూడా కాలేజీకి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. ఆ చట్టం 1950లో సడలేదాకా మళ్లీ కలిపి చదివించడం కుదరలేదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలోని మాటే, మనుషులందరిదీ ఒకే రక్తమన్నదే, ఇప్పటికీ కాలేజీ ధ్యేయవాక్యం. హిందువులు, ముస్లింలు నిశ్చింతగా చేరవచ్చు, విశ్వాస పత్రాల మీద సంతకం ఎవరూ అడగరు. తేలిగ్గా తీసుకోకూడనిది మాత్రం కాన్వొకేషన్. ఇది మన స్నాతకోత్సవం కాదు, ప్రసంగాలూ కచేరీలూ ఉండే సభ. సెమిస్టర్‌కి ఇన్నింటికి రావాలని లెక్క పెడతారు, తగ్గితే గ్రేడు దెబ్బతింటుంది. చివరి నెలకి వదిలేస్తే దొరకవు.

విద్యార్థులు సుమారు 1,500 మంది. అంత చిన్నచోట ప్రొఫెసరు పేరుపెట్టి పలకరిస్తాడు, క్లాసు ఎగ్గొడితే అప్పుడే పట్టుబడతారు. ఊరు కూడా చిన్నదే. మన సరుకులు కావాలంటే ఉత్తరాన లెక్సింగ్టన్ దాకా పోవాలి, కారున్న స్నేహితుడు తప్పనిసరి. భోజనశాలలో శాకాహారి పస్తుండడు గానీ కారానికి మొహం వాచిపోతాడు. గదిలో రైస్ కుక్కర్ పెట్టే ముందు హాస్టల్ నిబంధనలు చదవండి. అక్టోబరులో ఒకరోజు తరగతులు మానేసి అందరూ కొండెక్కుతారు, మౌంటెన్ డే అంటారు. చీకటితోనే బయల్దేరి పైనుంచి సూర్యోదయం చూడవచ్చు. ఆ రోజు హాస్టల్లో పడుకునేవాళ్ల మీద జాలేస్తుంది.

చదువు విషయంలో నిక్కచ్చిగా చెప్పాలి. కంప్యూటర్ సైన్స్ ఉంది. మనవాళ్ల లెక్కలో బీటెక్ అంటే వచ్చే సివిల్, ఎలక్ట్రికల్ డిగ్రీలు లేవు. ఎమ్మెస్ కోసం వెతికేవాళ్లకి ఇది పనికిరాదు. నాలుగేళ్ల డిగ్రీని అప్పు లేకుండా ముగించి, పీజీకి పెద్ద యూనివర్సిటీ పట్టాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి బేరం అమెరికాలో బహు అరుదు. అందుకే పోటీ విపరీతం. విదేశీయులకి ఏడాదికిచ్చే సీట్లు కొన్ని పదులే.

ఇక డబ్బు. మొదటి ఏడాది విదేశీ విద్యార్థికి ట్యూషనే కాక గది, భోజనం కూడా కాలేజీ చూసుకుంటుంది. తర్వాత ప్రతి ఏడూ 1,000 డాలర్లు తన వంతుగా కూడబెట్టాలి, అందుకు వేసవి పని కాలేజీయే ఇస్తుంది. లాప్‌టాప్ కూడా ఇస్తారు, ఇక్కడినుంచి కొత్తది మోసుకెళ్లడం దండగ. విమానం టికెట్టు, వీసా రుసుము, విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదుకయ్యే 350 డాలర్ల సెవిస్ ఫీజు మాత్రం ఇంటి ఖర్చే. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఖర్చులు ఎవరు భరిస్తారని అడిగితే తడబడకుండా కాలేజీ అని చెప్పి, కాలేజీ పంపిన ప్రవేశ పత్రం ఐ-20 చూపించండి. క్యాంపస్ పనిని దాచక్కర్లేదు, అది ఎఫ్-1కి అనుమతి ఉన్నదే. కానీ మాట పని దగ్గర మొదలెట్టకండి, చదువు దగ్గర మొదలెట్టండి.

దిగాక ఓ పది రోజులాగి, పని ఇచ్చినట్టు కాలేజీ లేఖ పట్టుకుని జీతానికీ పన్నుకీ వాడే సోషల్ సెక్యూరిటీ నంబరుకి వెళ్లాలి. మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పింఛను, వృద్ధుల వైద్యం కోసం పట్టే పన్నులు) కోతలు పడకూడదు, పడితే జీతాలు చూసే పేరోల్ వాళ్లని అడగండి. విదేశీ విద్యార్థినని పన్ను శాఖకి చెప్పే 8843 ఫారం ఏటా పంపాలి. జీతం ఉంది కాబట్టి విదేశీయులు వేసే పన్ను రిటర్ను 1040-ఎన్ఆర్ కూడా వెయ్యాలి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే స్థిరమైన మొత్తం) దొరుకుతుంది, పక్క గది నేపాలీ మిత్రుడికి అది లేదు, అతని ఫారం చూసి కాపీ కొట్టకండి. అమెరికన్లు వాడే మామూలు పన్ను సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మిమ్మల్ని పన్ను లెక్కలో అమెరికా నివాసిగా (రెసిడెంటుగా) లెక్కగట్టి తప్పుడు రిటర్ను తయారుచేస్తుంది.