పిల్లల చేత పాఠాలు వల్లె వేయించడమా, అర్థంతో గుర్తుపెట్టించడమా?

మెదడులో జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అనే భాగం తొలి ఏళ్లలోనే వేగంగా పెరుగుతుంది. వాటిని ఉపాయంగా వెతికి తీయడానికి తోడ్పడే, నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మాత్రం 20 ఏళ్లు దాటాక కూడా పరిణతి చెందుతూనే ఉంటుంది.

శ్రమ: వల్లె వేయించాలంటే పెద్దలు పక్కన కూర్చోవాలి, ఎందుకంటే ఐదారేళ్ల పిల్లలు తమంతట తాము మననం చేసుకోవడం అరుదు. అర్థంతో నేర్పడానికి సమయం ఎక్కువ పడుతుంది.

ఖర్చు: రెండింటికీ లేదు.

నష్టం: ‘ఏడెనిమిదులు యాభై ఆరు’ అని తడుముకోకుండా అప్పజెప్పిన బిడ్డే, ఎనిమిదేడులు ఎంతని అడిగితే ఎక్కాన్ని మొదటి నుంచి అందుకోవచ్చు, అర్థం తెలిసిన బిడ్డ ఆలస్యంగానైనా దారి కనుక్కుంటుంది.

ఎక్కాలకు, శతక పద్యాలకు చిన్న తరగతుల్లో వల్లె వేయించడమే నయం. హైస్కూలు చరిత్రకు, సైన్సుకు, పిల్లలు విషయాలను తామే విడదీసి అమర్చుకుంటూ అర్థంతో గుర్తుపెట్టుకునే రెండో పద్ధతి తగినది. ఆ నేర్పును ఆరేళ్లకే ఆశించడం బిడ్డకు అన్యాయం.