పేటెంటా, గుట్టా, బయటపెట్టేయడమా? కొత్త పద్ధతి కనిపెట్టినవాళ్లకు ఏది మేలు

బాలానగర్‌లో మెషిన్ షాపు నడిపేవాళ్లు, జీడిమెట్లలో బల్క్ డ్రగ్ చేసేవాళ్లు, రాయదుర్గంలో టీ-హబ్‌లో కూర్చుని కోడ్ రాసేవాళ్లు అడిగేది ఒకటే: "మా దగ్గర కొత్తది ఒకటుంది, పేటెంట్ చేయిస్తే మంచిదా?" ఈ ముగ్గురికీ ఒకే జవాబు చెప్పేవాళ్ల మాట నమ్మకండి. పేటెంట్ ఉండటం గొప్ప, లేకపోవడం తక్కువ అనే భావన మన ఊళ్లో బాగా పాతుకుపోయింది. దానివల్ల పేటెంట్ అక్కర్లేనివాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు, నిజంగా కావలసినవాళ్లు ఆలస్యం చేసి హక్కే పోగొట్టుకుంటున్నారు.

ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: మీ సరుకు కొన్న పోటీదారు దాన్ని విప్పి, కొలిచి, పరీక్ష చేసి చూస్తే మీ కిటుకు తెలిసిపోతుందా? తెలిసిపోయేదైతే దాన్ని దాచడం మీ చేతిలో లేదు. తెలియనిదైతే కాగితం మీద రాసి లోకానికి ఇచ్చేముందు బాగా ఆలోచించాలి.

ఎందుకంటే పేటెంట్ ఊరికే రాదు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ల హక్కు ఇస్తారు. అందుకు బదులుగా, ఆ రంగం తెలిసినవాడు చదివి చేసుకోగలిగేలా మీ పద్ధతి మొత్తం రాసివ్వాలి. 18 నెలలు నిండాక ఆ దరఖాస్తు బయటికి వస్తుంది. హక్కు తర్వాత వచ్చినా, అసలు రాకపోయినా అప్పటికే అందరూ చదివేసి ఉంటారు. గుట్టుకు ఫీజు లేదు, గడువూ లేదు. కాకపోతే మన దేశంలో వ్యాపార రహస్యాలకంటూ ప్రత్యేక చట్టం లేదు. కాంట్రాక్టులు, నమ్మకద్రోహం కింద కోర్టులు ఇచ్చే రక్షణ, అంతే. మూడో దారి మీరే అచ్చువేసి బయటపెట్టేయడం. ఆ తర్వాత దాని మీద ఎవరూ కొత్తగా పేటెంట్ తీసుకోలేరు, మన దేశంలో అయితే మీతో సహా.

యంత్రాల సంగతి తేలిక, కాబట్టి ముందు అది చూద్దాం. పోచంపల్లి పట్టుచీర మగ్గం ఎక్కకముందు ఆసు పోయాలి. దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో ఒక్కో చీరకు వేల సార్లు తిప్పాలి. ఇంట్లో ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ బాధ చూసి చింతకింది మల్లేశం గారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, యంత్రానికి పేటెంట్ కూడా ఉంది. ఆ యంత్రం ఏ చేనేత ఇంట్లో నడుస్తున్నా వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది. టేపు పట్టుకుని కొలుచుకునే ఫిట్టర్ ఉంటే మరొకటి తయారవుతుంది. ఇలాంటిచోట గుట్టు అనే మాటే లేదు, పేటెంట్ ఒక్కటే దారి. క్లెయిమ్‌లు, అంటే హక్కు దేనిమీదో చెప్పే వాక్యాలు, రాయించేటప్పుడు మాత్రం యంత్రం ఆకారాన్ని పట్టుకుని వేలాడకూడదు. అది పనిచేసే సూత్రాన్ని పట్టుకోవాలి. లేకపోతే మోటారు ఎడమ నుంచి కుడికి మార్చి ఇది వేరే యంత్రం అంటారు.

అసలు తలనొప్పి ప్రాసెస్‌లతో, అంటే తయారీ పద్ధతులతో. ఈ విషయంలో హైదరాబాద్‌కు ఇంకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు, ఈ నగరపు మందుల పరిశ్రమ పుట్టిందే ఇక్కడి నుంచి. 1970 పేటెంట్ చట్టం మందులకు ప్రోడక్ట్ పేటెంట్, అంటే మందు మీదే హక్కు, ఇవ్వలేదు, తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. అదీ ఎక్కువలో ఎక్కువ 7 ఏళ్లు. అదే మాలిక్యూల్‌ను వేరే రూట్‌లో చేస్తే తప్పు లేదు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లోనూ, తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనూ తయారైన కెమిస్టులు విదేశీ పేటెంట్లు చదివి, సాల్వెంట్ మార్చి, కెటలిస్ట్ మార్చి, స్టెప్పులు తగ్గించి కొత్త రూట్లు వేశారు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 2005 జనవరి 1 నుంచి ప్రోడక్ట్ పేటెంట్లు వచ్చాయి, ఆ తలుపు చాలావరకు మూసుకుంది. కానీ ఆ విద్య ఈ ఊరి నుంచి ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు మీరే ఒక మందుకు కొత్త ప్రాసెస్ కనిపెట్టారనుకోండి. యీల్డ్, అంటే వచ్చే సరుకు, పెరిగింది, ఒక సాల్వెంట్ తగ్గింది. పేటెంట్ పెడితే ఏమవుతుంది? ఒకప్పుడు మనవాళ్లు బయటివాళ్ల పేటెంట్లతో చేసిన పనే రేపు పక్క షెడ్డువాళ్లు మీ పేటెంట్‌తో చేస్తారు. చదువుతారు, ఒక స్టెప్పు మారుస్తారు, పక్కనుంచి దాటిపోతారు. ఒకవేళ అచ్చంగా మీ పద్ధతే వాడుతున్నా, వాళ్ల రియాక్టర్ దగ్గరికి వెళ్లి చూసే వీలు మీకుండదు. పేటెంట్ చట్టంలోని సెక్షన్ 104ఏ కొంత ఆదుకుంటుంది. కొన్ని పరిస్థితుల్లో "నా పద్ధతి వేరు" అని నిరూపించుకునే భారం ఎదుటివాళ్ల మీద పెట్టే అధికారం కోర్టుకు ఇస్తుంది. అయితే ముందు వాళ్ల సరుకూ మీ పద్ధతిలో వచ్చే సరుకూ ఒకటేనని మీరు నిరూపించాలి. దానికి పైన మరికొన్ని షరతులున్నాయి.

ఇంకో అడ్డంకి సెక్షన్ 3(డి). ఈ సెక్షన్ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది తెలిసిన మందుకు కొత్త రూపాల గొడవ. అందులోనే మరో ముక్క ఉంది: తెలిసిన ప్రాసెస్‌ను వాడుకోవడం మాత్రమే ఆవిష్కరణ కాదు, దానివల్ల కొత్త పదార్థం రావాలి, లేదా కనీసం ఒక కొత్త రియాక్టెంట్ (రసాయన చర్యలో పాల్గొనే పదార్థం) అయినా వాడాలి. ఉష్ణోగ్రత సరిచేసి, కలిపే వరుస మార్చి యీల్డ్ పెంచిన పనుల్లో చాలావాటికి దరఖాస్తును పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ నుంచి ఈ అభ్యంతరం వస్తుంది. కష్టపడి సాధించిన మెరుగు అంతా దరఖాస్తులో బయటపెట్టి, హక్కు రాకుండా మిగిలిపోవడం కంటే బాధ ఇంకేముంటుంది?

కాబట్టి ప్రాసెస్ పరిస్థితులకు నా ఓటు గుట్టుకే. అలాగని అది తేలికైన దారి అనుకోవద్దు. జీడిమెట్లలో మీ దగ్గర చేసిన షిఫ్ట్ ఇన్‌చార్జ్ రేపు పాశమైలారంలో చేరతారు. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు నిలవదు. నిలవాలని నేను కోరుకోను కూడా, పని చేతిలో ఉన్న మనిషి బతుకుతెరువును కాగితంతో కట్టేయడం న్యాయం కాదు. రహస్యాలు బయటపెట్టకూడదనే ఒప్పందం నిలుస్తుంది, కానీ అది నిలవాలంటే ఏది రహస్యమో ముందే రాసి ఉండాలి. బ్యాచ్ షీట్లో రియాజెంట్లకు కోడ్ పేర్లు, కీలకమైన స్టెప్పు కాగితాలు ఇద్దరి ముగ్గురి దగ్గరే, కొనుగోలుదారు ఆడిట్‌కు వచ్చినప్పుడు ఏం చూపాలో ముందే నిర్ణయం, ఇవన్నీ రోజూ చేయాలి. యూరప్‌కు ఏపీఐ, అంటే మందులోని అసలు పదార్థం, అమ్మేవాళ్లకు ఇది అలవాటే. అక్కడ తయారీ వివరాలు రాసిచ్చే మాస్టర్ ఫైల్‌లో కొనేవాళ్లకిచ్చే భాగం వేరు, నియంత్రణ సంస్థకు మాత్రమే ఇచ్చే భాగం వేరు.

పైగా సరుకు కూడా కొంత మాట్లాడుతుంది. ఇంప్యూరిటీ ప్రొఫైల్, అంటే సరుకులో మిగిలిన మలినాల తీరు, చూసి రూట్ ఊహించగల కెమిస్టులకు ఈ ఊళ్లో కొదవ లేదు. మీ రూట్‌లో కొత్త ఇంటర్మీడియట్ (మధ్య దశలో తయారయ్యే పదార్థం) ఏదైనా వస్తే, దాని ఆనవాలు చివరి సరుకులో దొరుకుతుంటే, ఆ ఇంటర్మీడియట్‌కు పేటెంట్ తీసుకోండి. దొంగను పట్టుకునే ఆధారం సరుకులోనే ఉంటుంది. మిగతాది గుట్టు.

రెండు హెచ్చరికలు. పేటెంట్ పెడుతూనే మంచి కండిషన్లు దాచుకోవచ్చని కొందరు సలహా ఇస్తుంటారు. చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు పెట్టేనాటికి మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతి అందులో రాయాలి, దాచినట్టు తేలితే పేటెంట్ కొట్టేయవచ్చు. దరఖాస్తు తర్వాత కనుక్కున్న మెరుగులు మాత్రం మీవే, దాచుకోవచ్చు. రెండోది, నాలుగేళ్లు గుట్టుగా వాడుకుని, ఎవరో పసిగడుతున్నారని తెలిశాక పేటెంట్ పెడదాంలే అనుకుంటే కుదరదు. సెక్షన్ 64 ప్రకారం, ముందే రహస్యంగా వాడిన ఆవిష్కరణ మీద వచ్చిన పేటెంట్‌ను రద్దు చేయించవచ్చు. న్యాయంగా చేసుకునే ట్రయల్స్‌కు మాత్రమే మినహాయింపు. గుట్టు నుంచి పేటెంట్‌కు దారి దాదాపు లేదు.

కమ్యూనికేషన్స్‌లో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. గాల్లోకి పంపే సిగ్నల్‌ను ఎవరైనా అనలైజర్ పెట్టి చూస్తారు. అటువైపు ఫోన్, ఇటువైపు టవర్ ఒకే పద్ధతి పాటిస్తేనే మాట వినిపిస్తుంది కనుక పద్ధతిని అందరికీ చెప్పక తప్పదు. ఇక్కడ పేటెంట్ విలువ స్టాండర్డ్‌లోకి, అంటే అందరూ పాటించే ప్రమాణంలోకి, ఎక్కడంలో ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, వైర్‌లెస్ పరిశోధన సంస్థ సీవిట్ కలిసి తెచ్చిన మన దేశపు 5జీ ప్రమాణం 5జీఐ తర్వాత అంతర్జాతీయ 5జీ ప్రమాణంలో కలిసింది. కందిలోని ఐఐటీ క్యాంపస్ నుంచి మొదలైన పని అంతదూరం వెళ్లడం నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. అవతలి వైపు ఎలా ఉంటుందో కూడా చూడాలి: 2024 మార్చిలో స్టాండర్డ్‌లోని పేటెంట్లు వాడుకున్నందుకు ఫోన్ల కంపెనీ లావా, ఆ పేటెంట్లున్న ఎరిక్సన్‌కు రూ.244 కోట్లు చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. స్టాండర్డ్‌లో పేటెంట్ ఉన్నవాళ్లు వసూలు చేస్తారు, లేనివాళ్లు కడతారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు స్టాండర్డ్స్ మీటింగ్‌లో నోరు విప్పకముందే దరఖాస్తు పెట్టాలి.

కంప్యూటింగ్‌లో మూడు దారులూ ఒకే కథలో దొరుకుతాయి. బ్రిటిష్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ 1973లో ఒక గుప్తీకరణ పద్ధతి కనిపెట్టారు. అది గుట్టుగానే ఉండిపోయింది. 1977లో ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడ్లమన్ అదే పద్ధతిని సొంతంగా కనిపెట్టారు, అదే ఆర్‌ఎస్‌ఏ. అదే ఏడాది ఆగస్టులో దాని గురించి పత్రికలో వచ్చేసింది, పేటెంట్ దరఖాస్తు డిసెంబర్‌లో పెట్టారు. అమెరికా చట్టం అచ్చయ్యాక ఏడాది గడువిస్తుంది కాబట్టి అక్కడ 1983లో పేటెంట్ వచ్చింది, మిగతా దేశాల్లో ఆ అవకాశం పోయింది. అమెరికాలో లైసెన్సు కట్టి వాడారు, బయట ఊరికే వాడుకున్నారు. కాక్స్ పని సంగతి 1997 దాకా లోకానికి తెలియదు. అది ముందే అచ్చయి ఉంటే అమెరికా పేటెంట్ కూడా వచ్చేది కాదు. గుట్టు దాచినంత మాత్రాన అదే ఆలోచన ఇంకొకరికి రాకుండా పోదు. కాక్స్‌కు ముందుగా కనిపెట్టిన పేరు కూడా పాతికేళ్లు ఆలస్యంగా దక్కింది.

మన దగ్గర సెక్షన్ 3(కె) ప్రకారం ఆల్గారిథమ్‌కూ, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ, వ్యాపార పద్ధతికీ పేటెంట్ లేదు. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పినదాన్ని బట్టి సాంకేతిక ఫలితం చూపగలిగితే తలుపు తెరుచుకుంటుంది. మెమరీ తగ్గింది, బ్యాటరీ నిలిచింది, నెట్‌వర్క్ మీద భారం తగ్గింది, ఇలా. మాదాపూర్‌లో సర్వర్ మీద నడిచే సర్వీసు అమ్మేవాళ్లకు నేను పేటెంట్ చెప్పను. కోడ్ కస్టమర్ చేతికి పోదు కాబట్టి గుట్టు దానంతటదే నిలుస్తుంది, కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది. ఇన్వెస్టర్ స్లైడ్‌లో ఒక లైన్ కోసం దరఖాస్తు పెట్టడం వ్యర్థం.

ఖర్చు మాట. ప్రభుత్వ ఫీజు చూసి భయపడక్కర్లేదు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రూ.1,600, ఎగ్జామినేషన్‌కు రూ.4,000. మూడో ఏడు నుంచి రెన్యువల్ ఏటా రూ.800తో మొదలై చివరి అయిదేళ్లలో రూ.8,000 దాకా పోతుంది. మన దరఖాస్తులు చూసేది చెన్నై ఆఫీసే, అయినా పని ఇక్కడినుంచే నడుస్తుంది. గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకు ఏజెంట్ ఫీజు ప్రభుత్వమే భరించే పథకం కూడా ఉంది. బరువైనది కోర్టు ఖర్చు. ఎదుటివాళ్లు మీ పేటెంటే చెల్లదని ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకు పోతుంది. చిన్న కంపెనీకి కొన్నేళ్ల పోరాటం అది. ఆ పోరాటానికి ఓపిక లేనప్పుడు పేటెంట్ విలువ సగం తగ్గుతుందని తెలిసే దిగాలి.

బయటపెట్టేయడాన్ని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు, నాకు బాధ కలిగించేది ఇదే. 1993 ఏప్రిల్ 30న యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలేసింది. అది జరగకపోతే హైటెక్ సిటీ ఇలా ఉండేది కాదు. అంత పెద్ద విషయమే కానక్కర్లేదు. మీ వ్యాపారానికి అవసరమైన చిన్న మెరుగు ఉంది, పేటెంట్‌కు డబ్బు లేదు, దాచితే దాగదు. రేపు ఇంకొకరు దాని మీద పేటెంట్ తెచ్చుకుని మీకే నోటీసు పంపకుండా ఉండాలంటే అచ్చువేయండి. తేదీ ఉండాలి, ఎగ్జామినర్ వెతికితే దొరకాలి, చదివినవాడు చేయగలిగేంత వివరం ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదు.

ఎటూ తేలకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టండి. 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం, పెట్టకపోతే అది వీగిపోతుంది, బయటికీ రాదు. ఆ ఏడాది మీకు ఆలోచించుకునే సమయం. ఈలోగా డెమో డేలో చూపిస్తే మాత్రం వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది, గడువులోగా కంప్లీట్ పెట్టి తీరాలి. ప్రొవిజనల్ కన్నా ముందే చూపించేశారంటే, చట్టంలోని మినహాయింపులు చాలా ఇరుకు, మామూలు డెమో వాటిలోకి రాదు. విదేశాల్లోనూ హక్కు కావాలనుకుంటే ఆ దరఖాస్తులూ అదే 12 నెలల్లో పడాలి. సెక్షన్ 39 ప్రకారం ఇక్కడ పెట్టి ఆరు వారాలు ఆగాలి, లేదా ముందే పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. అమెరికా భాగస్వామి తొందరపెట్టాడని ముందు అక్కడ పెడితే ఇక్కడి దరఖాస్తు పోతుంది, దాంతోపాటు శిక్ష పడే నేరం కూడా అవుతుంది.