పొందూరు ఖద్దరుకు రంగు మార్చిన కెమెరా: మూడేళ్ల వాడకం తర్వాత

బ్యాటరీ, స్పీడు సంగతి చెప్పను. ఈ ఫోన్‌తో నా బాధ ఒక్కటే, కెమెరా తనంతట తాను రంగులు దిద్దడం.

మాది పొందూరు. మా బావగారి ఖద్దరు దుకాణానికి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేది నేనే. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసే గుడ్డ ఇది. తెలుపులోనే లేత గోధుమ ఛాయ ఉంటుంది. అది పత్తి రంగే, అద్దకం కాదు.

కిందటేడు సంక్రాంతి ముందు హైదరాబాద్‌కు పంపిన ఒక పంచె వారంలో తిరిగొచ్చింది. "ఫొటోలో పాలలా ఉంది, ఇదేమో మాసినట్టుంది" అన్నారు కొన్నాయన. ఫొటోనూ పంచెనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన తప్పేం లేదు. నూలు వడికే ఒక పెద్దావిడకు ఫోన్ చూపిస్తే, "ఏటి బాబూ, ఇది మన గుడ్డేనా?" అంది. జీవితమంతా ఆ నూలు పట్టిన మనిషి గుర్తుపట్టలేకపోయింది. నాకు చాలా కష్టమనిపించింది.

ఫ్రేమంతా గుడ్డే నిండితే, ఆ గోధుమ ఛాయ గుడ్డదో బల్బుదో తేల్చుకునే ఆధారం కెమెరాకు ఉండదు. వెలుగుదే అనుకుని తీసేస్తుంది. మన కన్నూ ఊహించేదే, కాకపోతే చుట్టూ ఉన్నవాటిని చూసి ఊహిస్తుంది. 2015లో ఒక గౌను ఫొటో చూసి కొందరు తెలుపు-బంగారం అని, కొందరు నీలం-నలుపు అని వాదించుకున్నారు గుర్తుందా? అసలు గౌను నీలం-నలుపు.

ఫోన్ కొన్న రెండేళ్లు గడిచాక ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునేది) తెరిచాను. వెలుగును బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగుకు సరిపోయే 5500 కెల్విన్ దగ్గర ఆపి, పగలు వాకిట్లో తీస్తే ఆ గోధుమ ఛాయ అలాగే వచ్చింది! ఎంత సంతోషమో. కానీ కొనేవాళ్ల ఫోన్‌లో కంటికి హాయి అని పెట్టే పసుపు వెలుగు ఆన్‌లో ఉంటే మళ్లీ తేడా. అందుకే ఇప్పుడు పోల్చి చూసుకోవడానికి గుడ్డ పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తున్నాను.

కొన్న కొత్తలో, రథసప్తమి రాత్రి అరసవల్లిలో తీసిన ఫొటోలు చూపించి ఈ కెమెరాను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. ఇప్పుడు చూస్తే వాటిలో ఆకాశం సాయంత్రంలా ఉంది. ఆ రాత్రి అంత వెలుతురు లేదు.

పిల్లల ఫొటోలకైతే హాయిగా కొనుక్కోవచ్చు. చీరలో, పంచెలో అమ్మేవాళ్లు మాత్రం ముందు మీ సరుకు ఒకటి షాపుకు పట్టుకెళ్లి, ఫొటో తీసి చూడండి. నేను ఇంకో ఏడాది వాడతాను, కొత్తది కొనే వీలు ఇప్పట్లో లేదు.