పెద్ద ఫుటేజ్‌కి ఏ క్లౌడ్? బరంపురం స్టూడియోలో కొన్నేళ్లు వాడాక

పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే చిన్న టీమ్ మాది. స్టూడియో ఒడిశాలోని బరంపురంలో ఉంది. షూటింగులు ఇటు ఛత్రపురం, అటు ఇచ్ఛాపురం, సోంపేట, పైన పర్లాకిమిడి దాకా ఉంటాయి. వీడియో ఎడిటింగ్ విశాఖలో, ఆల్బమ్ డిజైన్ శ్రీకాకుళంలో జరుగుతుంది. గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, పెళ్లి ఇక్కడ జరిగినా వీడియో చూసేవాళ్లలో సగం మంది అక్కడుంటారు. క్లౌడ్ లేకుండా మాకు రోజు గడవదు. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, అమెజాన్ ఎస్3 మూడింటికీ డబ్బు కట్టే వాడుతున్నాం.

తోటి స్టూడియోలవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని టీబీ ఇస్తారు?" అని. అక్కడ మొదలుపెడితే తమకు పనికిరానిది కొంటారని నా గట్టి నమ్మకం. ముందు చూసుకోవాల్సింది మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ స్పీడు. డౌన్‌లోడ్ స్పీడు కాదు.

లెక్క వేసి చూడండి. 4కే వీడియోని 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు మూడు కెమెరాలు, డ్రోన్, స్నాతకం నుంచి అప్పగింతల దాకా అంతా కలిపితే ఒక్క పెళ్లికి 500 జీబీ సులువుగా దాటుతుంది. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్‌లో ఆ 500 జీబీ పోవడానికి, ఎక్కడా ఆగకుండా ఉంటే, దాదాపు 28 గంటలు. మధ్యలో కరెంటు పోతుంది, వానకు ఫైబర్ తెగుతుంది. ఊళ్లో నుంచి మొబైల్ హాట్‌స్పాట్ మీద 8 ఎంబీపీఎస్ వస్తే గంట ఫుటేజ్‌కే పన్నెండున్నర గంటలు. పైగా అన్‌లిమిటెడ్ అని అమ్మే బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3,300 జీబీ దాటాక స్పీడు తగ్గిపోతుంది. మాఘమాసంలో వారానికి మూడు పెళ్లిళ్లు వచ్చినప్పుడు ఆ పరిమితి ఎంత దగ్గరో అర్థమవుతుంది.

అందుకే మేం ఒరిజినల్ ఫుటేజ్‌ని పనికోసం క్లౌడ్‌లో పెట్టడం మానేశాం. స్టూడియోలోనే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి సరిపోయే చిన్న సైజు నకళ్లు, చేస్తాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రీమియర్‌లోనూ, డావిన్సీ రిజాల్వ్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. 720పీలో 5 ఎంబీపీఎస్ దగ్గర చేస్తే 45 జీబీ కాస్తా రెండుంపావు జీబీకి దిగుతుంది. పెళ్లి మొత్తం ప్రాక్సీలు ఒక్క రాత్రిలో విశాఖ చేరతాయి. ఎడిటింగ్ అయ్యాక తిరిగి వచ్చేది ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కటే. దాన్ని ఇక్కడ ఒరిజినల్స్‌కి కలిపి, కలర్ చూసుకుని, ఫైనల్ ఎక్స్‌పోర్ట్ ఇస్తాం. ఫైల్ పేర్లు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ ఉండే సమయం గుర్తు), ఆడియో ఛానళ్ల సంఖ్య ప్రాక్సీలోనూ ఒరిజినల్‌లోనూ ఒకేలా ఉండాలి. ఆడియో ఛానళ్లు తేడా వస్తే ప్రీమియర్ ప్రాక్సీని కలపనివ్వదు. ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తేదీతో మొదలుపెట్టి పెట్టండి. మా టీమ్‌లో తెలుగు చదవలేని ఒడియా కుర్రాళ్లున్నారు, ఒడియా చదవలేని తెలుగువాళ్లున్నారు. తేదీ అయితే అందరికీ ఒకటే.

ఈ పద్ధతికి వచ్చాక ఏ సేవ దేనికి పనికొస్తుందో స్పష్టంగా తెలిసింది.

ఆల్బమ్ పనికి నాకు డ్రాప్‌బాక్స్ బాగా నచ్చింది. అది ఫైల్‌ని 4 ఎంబీ ముక్కలుగా చూసి, మారిన ముక్కల్నే పంపుతుంది. రెండు జీబీల పీఎస్‌డీలో (ఫొటోషాప్ ఫైల్) ఒక ఫొటో మార్చి సేవ్ చేస్తే చాలాసార్లు మొత్తం ఫైల్ మళ్లీ ఎక్కించాల్సిన పని ఉండదు. స్టూడియోలో ఒక కంప్యూటర్‌కి ఫైల్ దిగితే మిగతావి లోకల్ నెట్‌వర్క్ మీదే దాన్నుంచి తీసుకుంటాయి. ఇంటర్నెట్ భారం పడదు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోకి మాత్రం ఈ లాభం లేదు, అది పూర్తిగా కొత్త ఫైలే.

కస్టమర్‌కి ఇవ్వడానికి గూగుల్ డ్రైవ్. అందరి ఫోన్లోనూ జీమెయిల్ ఉంటుంది కాబట్టి సూరత్‌లో ఉన్న మేనమామకి ఎలా తెరవాలో చెప్పక్కర్లేదు. రోజుకు ఒక అకౌంట్ నుంచి 750 జీబీ దాకా ఎక్కించవచ్చు. మా లైన్‌కి అది ఎప్పుడూ అడ్డు కాలేదు. టీమ్‌కి మాత్రం మామూలు జీమెయిల్ అకౌంట్ వద్దని గట్టిగా చెబుతాను. అందులో ఫైల్ ఎవరు ఎక్కిస్తే వాళ్లదే. ఫ్రీలాన్సర్ మనతో పని మానేసి తన అకౌంట్ తీసేస్తే ఆ ఫైల్ కూడా పోతుంది. గూగుల్ సంస్థలకు అమ్మే వర్క్‌స్పేస్‌లో, బిజినెస్ స్టాండర్డ్ ప్లాన్‌లో దొరికే షేర్డ్ డ్రైవ్‌లో ఫైళ్లు టీమ్ పేరు మీద ఉంటాయి. ఈ ఒక్క కారణానికే దాని ధర న్యాయమనిపిస్తుంది. జీఎస్టీ నంబరు ఉంటే 18 శాతం పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసుకోవచ్చు.

సింక్‌ని, అంటే అన్ని కంప్యూటర్లలో ఫైళ్లు ఒకేలా ఉంచడాన్ని, బ్యాకప్ అనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్. ఒకరు డిలీట్ చేస్తే అందరి దగ్గరా పోతుంది. డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. డ్రాప్‌బాక్స్ ప్లస్‌లో కూడా 30 రోజులే, బిజినెస్ స్థాయి ప్లాన్లలో కనీసం 180 రోజులు. పెళ్లివాళ్లు ఆల్బమ్ ఫొటోలు ఎంపిక చేసి ఇవ్వడానికే రెండు నెలలు పడుతుంది. కాబట్టి నా లెక్కలో 30 రోజుల ప్లాన్ ఈ పనికి చాలదు.

ఇక ఒరిజినల్స్ దాచడం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఇక్కడి గోపాల్‌పూర్ దగ్గరే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది. ఈ ఊళ్లో ఉండి హార్డ్ డిస్కులన్నీ ఒకే గదిలో పెట్టడం కుదరదు. రెండు డిస్కులు వేర్వేరు ఇళ్లలో, మూడో కాపీ అమెజాన్ ఎస్3లో అరుదుగా తెరిచే ఫైళ్ల కోసం ఉన్న గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో ఉంచుతాం. ఆ మూడో కాపీ మెల్లగా, రాత్రిపూట, సీజన్ అయ్యాక వెళ్తుంది. అమెరికాలోని సర్వర్ల (రీజియన్) ధరల్లో ఒక టీబీకి నెలకు సుమారు 1 డాలరే. కానీ తిరిగి దించుకోవాలంటే మొదటి 100 జీబీ తర్వాత జీబీకి 9 సెంట్లు, అంటే టీబీకి 90 డాలర్ల దాకా. ఫైల్ చేతికి రావడానికి 12 గంటలు పట్టవచ్చు. 180 రోజుల్లోపు తీసేసినా ఆ 180 రోజుల అద్దె కట్టాలి. డిస్కులు రెండూ పోయినప్పుడు తెరిచే చోటు అది. రోజువారీ పనికి కాదు. పాప మొదటి పుట్టినరోజుకి పెళ్లి క్లిప్ కావాలని వచ్చేవాళ్లకి డిస్కు నుంచే తీసి ఇస్తాం. ఒరిజినల్స్ ఎన్నాళ్లు దాస్తామో అడ్వాన్స్ తీసుకునే రోజే కాగితం మీద రాసిస్తాం.

వర్క్‌స్పేస్‌కి 14 రోజుల ట్రయల్ ఉంది. దాన్ని ఆషాఢంలో ఖాళీగా ఉన్నప్పుడు కాకుండా ముహూర్తాలున్న వారంలో మొదలుపెట్టండి. నిజమైన పెళ్లి ఫుటేజ్ ఉన్న మెమరీ కార్డు ఒకటి ఎక్కిస్తూ మధ్యలో రూటర్ ఆపి, మళ్లీ వేయండి. ఆగిన చోటు నుంచి కొనసాగితే సరే. తర్వాత ఒక ఫోల్డర్ కావాలని డిలీట్ చేసి, ఎడిటర్ చేత దాన్ని వెనక్కి తెప్పించండి. ఈ రెండూ మీ లైన్ మీద జరిగాకే సంవత్సరం ప్లాన్‌కి డబ్బు కట్టండి.